చిల్లకల్లు స్థలానికి దొరికిన పార్టీ

మా అక్కను నేను ముంచిన కథ చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం ఇన్నేళ్లయినా సగం నవ్వే వస్తుంది.

రెండువేల సంవత్సరం దాటాక మా వైపు స్థలాల పిచ్చి ముదిరింది. నందిగామలో టీ తాగడానికి ఆగితే పక్కవాడు ప్లాటు అమ్మబోయేవాడు. నేనక్కడ లెక్కల మాస్టారిని. పిల్లలకు చక్రవడ్డీ నేర్పేవాణ్ణి కాబట్టి ఆ పిచ్చి నన్నేమీ చేయదనుకున్నాను.

బ్రోకర్ అప్పారావు కిటుకు చెప్పాడు. "మొత్తం డబ్బు ఎవడు పెడతాడు మాస్టారూ? బయానా కట్టి అగ్రిమెంటు రాయించుకోండి. నాలుగు నెలల గడువు. ఈలోగా రేటు పెరుగుద్ది, ఇంకో పార్టీకి మార్చేద్దాం. రైతు నేరుగా వాళ్లకే రిజిస్ట్రేషన్ చేస్తాడు, మధ్యలో తేడా మీకు."

"పార్టీ దొరక్కపోతే?"

"చిల్లకల్లులో హైవే పక్కన స్థలం పెట్టుకుని ఆ మాటేంటండీ."

బయానా కోసం మొదటి నెలలోనే అందరికంటే ఎక్కువ తగ్గించుకుని చీటీ పాడేశాను. అదీ చాలక మా ఆవిడ గొలుసు బ్యాంకులో పెట్టాను. అప్పు చేసి పప్పుకూడు తిన్నవాడికి పప్పైనా దక్కుతుంది. నేను అప్పు చేసి గడువు కొన్నాను.

అంతటితో ఊరుకున్నానా? చందర్లపాడు వెళ్లి అక్క దగ్గర కోతలు కోశాను.

"చిల్లకల్లులో స్థలం తీసుకున్నా అక్కా. అది బంగారమే అనుకో."

బావ వ్యవసాయం చేసుకునే మనిషి. "అంత డబ్బెక్కడిదిరా?" అన్నాడు.

"తెలివుంటే డబ్బెందుకు బావా."

అక్క పెరుగు వడ్డిస్తూ మురిసిపోయింది.

మూడు నెలలు గడిచినా ఈగ వాలలేదు. గడువు దాటితే బయానా పోతుంది, దాంతోపాటు గొలుసూ పోతుంది. నాకు అన్నం సహించడం మానేసింది. చివరి వారంలో అప్పారావు వచ్చాడు.

"పార్టీ దొరికింది మాస్టారూ. మొహమాటస్తులు, బేరం కూడా ఆడలా."

దేవుడికి దండం పెట్టుకోవాల్సిన సమయమది. నేనేమన్నానో తెలుసా?

"బేరమాడలేదా? అయితే ఇంకో పదివేలు చెప్పు."

"ఒప్పుకున్నాక బాగోదండీ."

"చెప్పవయ్యా."

వాళ్లు రెండ్రోజులు ఆగి సరేనన్నారట.

జగ్గయ్యపేటలో రిజిస్ట్రేషన్. నా తేడా తీసుకోవడానికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఫీసుకు వెళ్లాను. వరండాలో బల్ల మీద అక్కా, బావా కూర్చుని ఉన్నారు.

"మీరేంటి ఇక్కడ?"

"నీకు చెప్పకుండా చేద్దామనుకున్నాంరా," అంది అక్క. "నువ్వు కొన్నచోటే మాకూ ఒకటి దొరికింది. రేపు ఇళ్లు కట్టుకుంటే పక్కపక్కనే ఉండొచ్చు."

ఆమె మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు.

"నీ పలకసర్లు ఏవక్కా?"

"డబ్బు సరిగ్గా సరిపోయేదేరా. ఎవడో కక్కుర్తి వెధవ ఆఖర్న ఇంకో పదివేలు గుంజాడు. దానికోసం అవి కూడా పెట్టేశాం. ఇంతకీ నీ స్థలం మాకు ఏ వైపు?"

అప్పారావు గోడ మీది నోటీసులన్నీ శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

"ఇదేనక్కా," అన్నాను.

అక్కకు అర్థం కాలేదు. బావకు అయింది. కండువా దులిపి భుజాన వేసుకుని, మాటిచ్చాం కదా అని లోపలికి వెళ్లి సంతకం పెట్టాడు. పదివేలు అక్కడే తిరిగిచ్చాను. మిగతా తేడా కూడా ఇవ్వాల్సింది. కానీ అది చీటీకీ, గొలుసుకీ సరిపోతుందని లెక్క వేసుకుని జేబులోనే ఉంచుకున్నాను. ఆ తర్వాత రేటు పడిపోయింది, చాలా ఏళ్లు లేవలేదు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

అందుకే చదువరులారా, మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. కొనేవాళ్ల మొహం చూడకుండా ఈ జన్మలో సెంటు భూమి కూడా అమ్మను. అమ్మడానికి నా పేరున ఇప్పటికీ సెంటు భూమి లేదనుకోండి, అది వేరే సంగతి.