సగం డబ్బా బియ్యం

మలాయాలో తెల్లదొరల ఎమర్జెన్సీ రోజులు. రబ్బరు తోట గేటు దాటి గుప్పెడు బియ్యం పట్టుకెళ్తే, అడివిలో కమ్యూనిస్టులకేనని జైల్లో ఏసేవోరు. నా సంచిలో పౌడరు డబ్బాలో బియ్యమే ఉన్నాయి.

బస్సులో పక్కన జపాను ముసలామె. ఆమె కోటో, మనిషంత పొడుగు తీగల వాయిద్యం, మా ఇద్దరి మోకాళ్ల మీదా ఉంది.

సోల్జరు ఎక్కి దాన్ని తట్టినాడు. "లోపల బియ్యమేటి?"

తర్వాత చూసేది నా సంచే.

ఆమె తన మూటలోంచి చెంచా తీసి తీగల మీద అదిమి గీసింది. తుప్పు తలుపు తీసినట్టుంది.

"ఇదో పాటా?"

"ఇంకా కాలేదు బాబూ. ముప్పై ఏళ్లుగా ఎతుకుతున్నాను."

అతను నవ్వుకుంటా దిగిపోయినాడు.

బస్సు కదిలినాక ఆమె నా సంచి మీద చెయ్యేసి, మలాయి భాషలో మెల్లిగా అంది.

"ఈసారి డబ్బా నిండా పొయ్యమ్మా. సగమైతే గింజలు మోగతాయి. నువ్వెక్కినకాణ్ణించీ ఇంటన్నాను."