తొంభై ఎనిమిది డిగ్రీల తమ్ముడు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు లెండి, నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని రోజుల్లో, కంప్యూటర్ల గురించి నాకు తెలియనిది ఏదైనా ఉందంటే అది ఇంకా ఎవరూ కనిపెట్టనిదే అయి ఉంటుందని నాకు గట్టి నమ్మకం. నిజానికి గచ్చిబౌలి ఆఫీసులో నా పనల్లా ఫోన్ చేసినవాళ్ళతో "ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి" అని మర్యాదగా చెప్పడం. (చాలామందికి అది సరిపోయేది. సరిపోనివాళ్ళని పక్క సీటుకి పంపేవాణ్ణి.) అయినా కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ మొత్తానికి నేనే కంప్యూటర్ డాక్టర్ని. మూడో అంతస్తు ఆంటీ ప్రింటర్ మొరాయించినా, ఎదురింటి అంకుల్‌కి పాస్‌వర్డ్ మరుపొచ్చినా మా ఇంటి బెల్లే మోగేది. "మీవాడి చేతిలో ఏదో ఉందండీ" అని వాళ్ళు అమ్మతో అంటుంటే లోపల గదిలో వినబడనట్టు కూర్చుని ప్రతి అక్షరం వినేవాణ్ణి. పొగడ్త ఎంత చిన్నదైనా ఒంటికి పట్టేస్తుంది. నాకు కాస్త ఎక్కువే పట్టింది.

అలాంటి నాకు సొంతంగా విడిభాగాలు కొని, నా చేత్తో బిగించి, రంగురంగుల దీపాలు వెలిగే ఒక గేమింగ్ కంప్యూటర్ తయారుచేసుకోవాలని కోరిక. ఆటల కోసమని చెబితే అమ్మ చీపురు తీస్తుంది. సరిగ్గా అప్పుడే మా అక్కకి బలమైన కంప్యూటర్ అవసరమైంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ఇంకా కట్టని ఇళ్ళని కంప్యూటర్లో కట్టి, వాటి గదుల్లో మనం నడుస్తున్నట్టు వీడియో చేసి చూపించడం అక్క పని. పాప పుట్టాక మూడేళ్ళు ఆ పని వదిలేసింది. మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటే వెళ్ళినచోటల్లా ఆ మూడేళ్ళ గురించే అడిగి, చూస్తామని పంపించేశారు. చివరికి ఒక కంపెనీవాళ్ళు, మేము పంపిన ప్లానుతో రెండు నిమిషాల వీడియో చేసి శనివారం సాయంత్రం ఐదింటికల్లా పంపండి, అది నచ్చితే ఉద్యోగం మీదే అన్నారు. బావగారు ఆఫీసు పని మీద పుణేలో ఉండటంతో అక్కా పాపా మా దగ్గరే ఉన్నారు. "నీ పాత ల్యాప్‌టాప్ నాలుగు రోజులు తీసుకునే పని, నేను చేసే కంప్యూటర్ ఆరు గంటల్లో చేసి పారేస్తుందక్కా" అని మాటిచ్చాను. అక్క నా మొహం కేసి చూసి, "నువ్వు చేస్తానంటే ఇంకేం కావాలిరా" అంది. ఆ మాటకి నేను ఒక అడుగు ఎత్తు పెరిగాను.

ఆదివారం ఉదయం భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి పని మొదలుపెట్టాను. నాన్న పక్కనే కుర్చీ వేసుకుని పర్యవేక్షణకి కూర్చున్నారు. ప్రభుత్వాఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి కాబట్టి, తను చేయని పనిని పర్యవేక్షించడంలో ఆయనకి మంచి అనుభవం ఉంది. ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా ఇంట్లో కొత్త వస్తువు మీది ప్లాస్టిక్ కవరు తీయడం మహాపాపం. ఫ్రిజ్ తలుపు మీది కవరు బుడగలు లేచి, అంచులు నల్లబడి, ఎనిమిదేళ్ళుగా అలాగే ఉంది. టీవీ రిమోట్ కవర్లోనే ఉంటుంది, అంకెలు కనబడవు, అలవాటు మీద నొక్కుతాం. సోఫా మీద కూర్చున్న చుట్టాలు లేచేటప్పుడు చర్రుమని చప్పుడవుతుంది. 'వాడే ముందు తీసివేయండి' అని ఇంగ్లీషులో రాసిన కాగితం మా ఇంట్లో దాదాపు అన్ని వస్తువుల మీదా ఉంది. ఎవరూ దాని మాట విన్న పాపాన పోలేదు. కంప్యూటర్ డబ్బాకి ఒకవైపు ఉన్న అద్దం మీంచి నేను కవరు లాగబోతే నాన్న చటుక్కున చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీరా! గీతలు పడిపోతాయి. తీసేస్తే ఇంక కొత్తదేముంది?"

సరేనని ఉంచేశాను. సాయంత్రానికి అన్నీ బిగించి, బటన్ నొక్కితే డబ్బా నిండా ఎరుపూ నీలం దీపాలు. పాప చప్పట్లు కొట్టింది. అమ్మ కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు కాస్త దానిమీద చిలకరించబోతే అందరం కలిసి ఆపాం.

గురువారం దాకా అక్క ఆ ఇంటిని గదులూ గోడలూ పేర్చి కట్టుకుంది. కంప్యూటర్ కాస్త రొదగా ఉన్నా పని నడిచింది. శుక్రవారం ఉదయం అసలు పని, అంటే ఆ ఇంటి బొమ్మలన్నింటినీ ఒక్కొక్కటిగా తయారుచేసి వీడియోకి సిద్ధం చేసే పని కంప్యూటర్‌కి అప్పగించింది. పది నిమిషాలు గడిచాయో లేదో, ఫ్యాన్లు విమానంలా హోరెత్తి, టప్పున ఆరిపోయింది. మళ్ళీ ఆన్ చేశాను (నా వృత్తి ధర్మం అదే కదా). మళ్ళీ పది నిమిషాలు, మళ్ళీ టప్. ఈసారి వేడి చూపించే అంకె మీద కన్నేసి కూర్చున్నాను. ప్రాసెసర్, అంటే కంప్యూటర్‌కి మెదడు, చూస్తూండగానే డెబ్భై, ఎనభై, తొంభై దాటి తొంభై ఎనిమిది డిగ్రీల దగ్గర నిలబడింది. ఇంకో రెండు డిగ్రీలైతే టీ పెట్టుకోవచ్చు.

ఒంట్లో బాగాలేదని ఆఫీసుకి సెలవు పెట్టాను. ఎవరి ఒంట్లోనో చెప్పలేదు. పక్క సీటు మిత్రుడికి ఫోన్ చేస్తే (మేమంతా వాణ్ణి పంతులుగారు అనేవాళ్ళం, దేనికైనా వాడి దగ్గర ఒక విధానం ఉండేది) వాడు మొదటి ప్రశ్నే సూటిగా అడిగాడు: "ప్రాసెసర్ మీద కూలర్ సరిగ్గా కూర్చుందా? ఒకసారి విప్పి చూడు." కూలరంటే ప్రాసెసర్‌కి ఆనుకుని దాని వేడిని లాగి బయటికి తోసే రాగి దిమ్మా, దాని ఫ్యానూ. నాకు ఒళ్ళు మండింది. అపార్ట్‌మెంట్ డాక్టర్ని పట్టుకుని అడిగే మాటేనా అది? "అదంతా పక్కాగా చేశానురా, ఇంకేదైనా ఉంటే చెప్పు" అన్నాను. తప్పు వాతావరణానిదని తేల్చేశాను. మే నెల కదా. డబ్బాకి అద్దం తలుపు ఊడదీసి, హాల్లోని స్టాండ్ ఫ్యాన్ తెచ్చి దానికి ఎదురుగా పెట్టాను. ప్రాసెసర్ తొంభై ఎనిమిది. ఏసీ పదహారుకి దించి, తలుపులు మూసి, కిటికీకి దుప్పట్లు కట్టాను. బయట ఎండకి రోడ్లు కాగిపోతుంటే మా గదిలో అమ్మ శాలువా కప్పుకుంది, పాపకి ఊలు టోపీ పెట్టాల్సొచ్చింది. ప్రాసెసర్ తొంభై ఎనిమిది. "దిష్టి తగిలిందిరా, మూడో అంతస్తావిడ వచ్చి ఎంత బావుందో అంది" అని అమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పోసింది. తొంభై ఎనిమిదే.

అక్క మాత్రం ఒక్క మాట అనలేదు. అదే నాకు కష్టంగా ఉంది. తిట్టినా బావుండేది. పాపకి అన్నం తినిపిస్తూ గోడ గడియారం వైపు చూసి, నేను చూస్తున్నానని గమనించి నవ్వేది. నా గొప్పలు అక్క ఉద్యోగాన్ని మింగేస్తున్నాయని తెలుస్తూనే ఉంది. కానీ నేను బిగించినదాన్ని నేనే విప్పి చూడాలంటే ప్రాణం ఒప్పలేదు. విప్పడమంటే ఒప్పుకోవడమే కదా.

శనివారం ఉదయానికి నా కొత్త సిద్ధాంతం ఏమిటంటే ఏసీ సరిగా చల్లబరచడం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఏసీలన్నీ చూసే ఒక మెకానిక్ ఉండేవాడు. ఉండేది బోరబండలో కాబట్టి అందరూ బోరబండన్న అనేవాళ్ళు. తొమ్మిదిన్నరకి వచ్చి, గదిలో అడుగు పెట్టి, భుజాలు ముడుచుకున్నాడు.

"ఏంది సార్ గిది! ఐస్ ఫ్యాక్టరీ లెక్క చేసిండ్రు. ఏసీ మంచిగనే ఉంది గద, ఇగ ఏం పరేషాన్ మీకు?"

నేను కంప్యూటర్‌కి ఆ పని మళ్ళీ పెట్టి చూపించి, ఆయనకి అర్థం కాదన్న ధీమాతో, ప్రాసెసర్ వేడి గురించి ఇంగ్లీషు మాటలతో ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. స్టాండ్ ఫ్యాన్ పక్కకి జరిపి, డబ్బా వెనక గాలి బయటికొచ్చే చోట అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు.

"సార్, ఎనక గాలి సల్లగొస్తున్నది."

"చల్లగా వస్తే మంచిదే కదన్నా."

"ఏం మంచిది సార్! గిప్పుడు మీ ఏసీనే చూడుండ్రి. ఇంట్ల సల్లగ కావాలంటే బయటున్న డబ్బా వేడిగాలి కొట్టాలె. అది సల్లగాలి కొడుతున్నదంటే లోపటి వేడి లోపట్నే కూసున్నట్టు. లోపటేమో కాలుతున్నదంటున్నరు, బయటికేమో సల్లగాలి. నడిమిట్ల ఏదో అడ్డమున్నది. జర ఇప్పి చూడుండ్రి."

పక్క సీటు పంతులుగారు చెప్పినా వినని నేను, ఎందుకో ఆయన మాటకి ఎదురు చెప్పలేకపోయాను. ఆయన అరచెయ్యి చెప్పినదాంట్లో వాదించడానికి ఏమీ లేదు. స్క్రూడ్రైవర్ తీసి కూలర్ విప్పాను. విప్పి తిరగేశాను. ప్రాసెసర్‌ని తాకాల్సిన రాగి ముఖం మీద, పల్చగా, పారదర్శకంగా, ఒక్క ముడత కూడా లేకుండా ప్లాస్టిక్ కవరు. దానిమీద చిన్న అక్షరాలు కూడా ఉన్నాయి: వాడే ముందు తీసివేయండి. ఆదివారం ఆ కవరు నా కళ్ళకి కనబడింది. కనబడే, రాగికి గీతలు పడకుండా ఎంత బాగా అంటించారో అని మెచ్చుకుని, జాగ్రత్తగా అలాగే ఉంచి బిగించాను. తరాల సంస్కారం ఊరికే పోతుందా!

ముందు అక్కకి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది, కుదరలేదు. తర్వాత అమ్మ శాలువాలోంచి నవ్వింది. బోరబండన్న మర్యాదకి కిటికీ వైపు తిరిగాడు గానీ ఆయన భుజాలు ఊగుతూనే ఉన్నాయి. నాన్న ఒక్కరే నవ్వలేదు. ఆయన నెమ్మదిగా వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ తలుపు మీది కవరు ఒక మూల గోటితో లేపి చూసి, మళ్ళీ జాగ్రత్తగా అంటించేసి వచ్చారు.

నాన్న షుగర్ పరీక్షకి ఉంచుకునే స్పిరిట్, దూది తెచ్చి అంతా తుడిచాను. కవరు పీకేసి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే పేస్టు ఆదివారం మిగిలింది బఠాణీ గింజంత వేసి, కూలర్ మళ్ళీ బిగించాను. పదిన్నర దాటాక అక్క పని మొదలుపెట్టింది. డెబ్భై దాకా ఎక్కింది. ఇక పైకి పోతుందని ఊపిరి బిగబట్టాను. పోలేదు. అరవై ఎనిమిది. అరవై ఏడు. బోరబండన్న మళ్ళీ వెనక చెయ్యి పెట్టి, "ఆఁ, గిప్పుడు వేడిగొస్తున్నది సార్. ఇగ ఫికర్ లేదు" అన్నాడు. అంత హాయినిచ్చిన వేడిగాలి నా జన్మలో తగల్లేదు. ఏసీ ఆపేసి కిటికీలు తెరిచాం. అమ్మ శాలువా మడత పెట్టి, అందరికీ, ముందుగా ఆయనకి, పెసరట్లు వేసింది. మధ్యాహ్నమంతా నేనూ అక్కా ఆ అంకె ముందే కూర్చున్నాం. నాలుగున్నరకి చివరి బొమ్మ పూర్తయింది, ఐదుకి పది నిమిషాల ముందు వీడియో వెళ్ళిపోయింది. గుండెల మీంచి కుంపటి దించినట్టయింది. నేను బాల్కనీలోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

తర్వాతి వారం అక్కకి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు తన కింద కొంతమంది పనిచేస్తున్నారు. నాకూ ఆఫీసులో ఎదుటివాళ్ళ తప్పులు చూసే హోదా ఇచ్చారు. కొత్తగా చేరిన పిల్లలు "అదంతా పక్కాగా చేశాం సార్" అంటే, నేను స్క్రూడ్రైవర్ అందిస్తాను.

ఆ మధ్య అక్క కొత్త కంప్యూటర్‌కి మారుతూ, పాత ఈమెయిల్ ఉత్తరాలు అందులోకి మార్చిపెట్టమని నాకు అప్పగించింది. పంపకుండా మిగిలిపోయిన వాటిలో ఆ శనివారం ఉదయం, బోరబండన్న రాకముందు, ఆ కంపెనీకి రాసుకున్న ఒక ఉత్తరం కనబడింది. రెండు రోజుల గడువు అడుగుతూ రాసింది. "మా తమ్ముడు స్వయంగా తయారుచేసిన కంప్యూటర్ చాలా మంచిది. మా వీధిలో కరెంటే సరిగా ఉండటం లేదు" అని ఉంది అందులో. నా చేతి వల్ల తన ఉద్యోగం పోబోతున్న ఉదయం కూర్చుని, ఆ మాట రాసింది మా అక్క. ఆ ఇరవై మూడేళ్ళ మేధావి తలుపు అవతలే, స్టాండ్ ఫ్యాన్‌ని ఏ కోణంలో తిప్పాలా అని ఆలోచిస్తున్నాడు, పాపం.

ఆ ఉత్తరాన్ని కూడా మిగతావాటితో పాటు జాగ్రత్తగా మార్చిపెట్టాను. చదివానని అక్కకి చెప్పలేదు. అన్నట్టు, ఆ వారమంతా మా వీధిలో కరెంటు ఒక్క నిమిషం కూడా పోలేదు.