తేలిగ్గా ఊడే మూత

పాపకు ఏడాది నిండకముందే నేను మళ్లీ ఉద్యోగంలో చేరాను. బాపట్లలో ఒక కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటర్‌ని. మావారు రేపల్లెలో కాలువల శాఖలో పనిచేస్తూ శనివారాలు ఇంటికి వచ్చేవారు. మిగతా రోజుల్లో ఇంట్లో నేను, అత్తయ్య, పాప.

లాబులో నాకు అప్పగించింది చీకటి గది. కిటికీలకు నల్ల తెరలు, బల్లల మీద స్పెక్ట్రోమీటర్లు. ప్రిజం గుండా వచ్చే సన్నటి వెలుగు గీతను దుర్భిణిలో పట్టుకుని, ఆ తర్వాత గుండ్రటి స్కేలు మీద వెంట్రుకల్లాంటి గీతలను చదవాలి. చదవడానికి వెలుతురు కావాలి. ఆ వెలుతురు పక్క బల్ల మీద పడిందా, అక్కడి విద్యార్థి కళ్లు చెదిరి అతను అంతసేపూ వెతికి పట్టుకున్న గీత కాస్తా పోతుంది. కాలేజీ వారిచ్చినది మూడు బ్యాటరీల టార్చి, రాత్రిళ్లు పొలానికి నీళ్లు పెట్టడానికి పట్టుకెళ్లే రకం. దాన్ని వెలిగించినప్పుడల్లా గది నాలుగు మూలల నుంచీ "మేడమ్" అని మూలుగులు వినపడేవి.

పైగా ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ప్రతి పరికరాన్నీ ముందే తనిఖీ చేయాలి. ఏ స్క్రూ వదులైందో, ఏ స్కేలు మీద తుప్పు చేరిందో ముఖం ఆనించి చూడాలి. దానికి చొక్కా జేబులో పెట్టుకునే పెన్‌టార్చి అయితేనే పనికొస్తుంది.

రేపల్లెలో చుట్టాల ఇంటికి వెళ్లి తిరిగి వస్తూ తెనాలిలో బండి మారాల్సి వచ్చింది. అత్తయ్యను, పాపను స్టేషన్లో కూర్చోబెట్టి, దగ్గర్లో ఉన్న ఫాన్సీ షాపుకు వెళ్లాను. షాపాయన అద్దాల బల్ల మీద నాలుగైదు పెన్‌టార్చిలు పేర్చాడు. చీకట్లో ఎలా ఉంటుందో తెలియాలి కదా అని, గోడ మీది క్యాలెండరు దించమని అడిగి, పైట చెంగు తల మీదుగా దానిపైకి కప్పుకుని, లోపల టార్చి వేసి తిథుల కింది చీమల్లాంటి అక్షరాలు చదివాను.

"పెళ్లిచూపుల్లో కూడా ఇంత చూడరమ్మా," అన్నాడాయన.

"పెళ్లికొడుకును తిరిగి ఇవ్వడం కుదరదు కాబట్టి మొహమాటపడతారండి. దీనికి మొహమాటం ఏంటి?"

ఆయన నవ్వి ఇంకొకటి తీశాడు. ఇత్తడిది బరువుగా ఉంది. దాని తలమూత నా వేళ్లతో ఎంత తిప్పినా కదల్లేదు. చీకటి గదిలో బల్బు పోతే మార్చుకోవడం ఎలా? సన్నటి ఎర్ర ప్లాస్టిక్కుది మాత్రం ఒక్క చేత్తో, బొటనవేలితో నెడితే మూత ఊడి వస్తుంది. బల్బు అరచేతిలోకి జారుతుంది. అరచేతి ఎత్తు నుంచి రెండు మూడుసార్లు బల్ల మీద వదిలి చూశాను, పగల్లేదు. అదే కొన్నాను. దాన్ని ఎంచుకోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఆ మూత.

పరీక్షలు మొదలయ్యే ముందురోజు సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. పాప ఏడుస్తుంటే అత్తయ్య నా సంచిలోంచి ఆ టార్చి తీసి వెలిగించి చేతికిచ్చారు. ఏడుపు ఆగిపోయింది. కాసేపటికి ఆవిడ గొంతు వినపడింది. గట్టిగా ఏమీ లేదు.

"అమ్మాయ్, ఒకసారి ఇటు రా."

పాప చాప మీద కూర్చుని ఉంది. ఒక చేతిలో టార్చి గొట్టం, ఒళ్లో మూత, కాలి దగ్గర బ్యాటరీలు. బల్బు లేదు. పాప నోరు చప్పరిస్తోంది.

నోట్లో వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు. చాప దులిపాం. మంచం కిందికి చీపురు పోనిచ్చాం. గచ్చు పగుళ్లలో పిన్నీసుతో గీకి చూశాను. పాప బట్టలు విప్పి దులిపాం. చింతగింజంత గాజు, దానికి ఇత్తడి తొడుగు. ఎక్కడా లేదు.

"నేనే ఇచ్చా," అన్నారు అత్తయ్య.

నేను పాపను ఎత్తుకుని చెప్పులు వేసుకున్నాను. ఆ మాట ఆవిడకు ఎంత బరువైందో అప్పుడు ఆలోచించే స్థితిలో లేను.

డాక్టరుగారి ఇల్లు రెండు వీధుల అవతల. ఆయన పాప కడుపు నొక్కి చూసి, జేబులోంచి తన పెన్‌టార్చి తీసి గొంతులోకి వేశారు. పాప దాన్ని రెండు చేతులా లాక్కుని కొరికింది, మూత పట్టుకుని తిప్పింది. అది కదల్లేదు. సొట్టలు పడి, పూత లేచిపోయిన లోహపు టార్చి. అంత భయంలోనూ నా చూపు ఆ మూత మీదే నిలిచిపోయింది.

"గొంతులో లేదమ్మా. మింగి ఉంటే పొట్టలోకి దిగినట్టే," అన్నారాయన. "అరటిపండు, మెత్తటి అన్నం, ముద్దపప్పు బాగా పెట్టండి. ఆ ముద్దలో చుట్టుకుని దానంతటది మెల్లగా రావాలి. విరేచనాల మందు మాత్రం వద్దు. ఆముదం అసలు వద్దు. తొందరపెడితే గాజు ఎక్కడైనా పగలొచ్చు, తగులుకోవచ్చు. వాంతులైనా, కడుపు ఉబ్బినా, రక్తం కనబడినా వెంటనే రండి. గుంటూరు పంపుదాం."

దారిలో అత్తయ్య పాపను భుజాన వేసుకుని నా కంటే ముందు నడిచారు. ఇంటి దగ్గరకొచ్చాక ఆగారు.

"మా పిల్లలు పైసాలు మింగితే మా అత్తగారు ఆముదమే పట్టేది. మర్నాటికి పడిపోయేది."

"అది పైసా అత్తయ్యా. ఇది గాజు."

"గాజైతే ఇంకా లోపల ఉంచుకుంటామా?"

"డాక్టరుగారు వద్దన్నారు కదండీ."

"ఆయన మగాడు. ఎంతమందిని పెంచాడు?"

మాట అక్కడితో ఆగింది గానీ, ఆవిడ చూపు వంటింటి గూట్లో ఉన్న ఆముదం సీసా మీదికి వెళ్లడం చూశాను. ఆ రాత్రి పాప హాయిగా నిద్రపోయింది. దాని కడుపు మీద చెయ్యేసి నేను మేలుకునే ఉన్నాను. ఇప్పుడు పాపకు మూడేళ్లు. ఈ మాటలు రాస్తుంటే కూడా ఒకసారి లేచి వెళ్లి చెయ్యి వేసి వచ్చాను.

పొద్దున్నే సెలవు అడగడానికి కాలేజీకి మనిషిని పంపాను. మా హెడ్ చీటీ రాసి పంపారు. బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చేశారట, చీకటి గది సంగతి తెలిసిన వాళ్లు ఇంకెవరూ లేరట, మధ్యాహ్నం దాకా ఉండేలా ఎలాగైనా రమ్మన్నారు. నేను తయారవుతూ, అత్తయ్య పెరట్లో ఉండగా, ఆముదం సీసాను పాతగుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నాను.

ఆ రోజు చీకటి గదిలో నేను మూడు బ్యాటరీల టార్చికే కాగితం చుట్టి పని నడిపాను. ఎర్ర టార్చి ఇంట్లోనే ఉంది, దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. పిల్లలు ఒక్కొక్కరే పిలుస్తుంటే వంగి స్కేలు చూస్తున్నాను. గీతలు కనపడుతున్నాయి గానీ అంకెలు బుర్రకెక్కడం లేదు. ఎగ్జామినర్ ఒకసారి, "ఏంటమ్మా, ఏదో ఆముదం వాసన వస్తోంది?" అన్నారు. మూత సరిగ్గా బిగించలేదు కాబోలు, సంచి అడుగు తడిసింది. పరికరాలకు నూనె వేశామండి అన్నాను. ఆయన నమ్మినట్టే తలూపారు.

నా భయం సీసాతో తీరేది కాదు. పక్కింట్లో ఆముదం ఉంది. ఎదురింట్లో ఉంది. బాపట్లలో ఆముదం లేని ఇల్లు లేదు. ఉగ్గుగిన్నెతో గొంతులో పోస్తే క్షణం పని. ఇంట్లో పాపతో ఉన్నది ఆవిడ ఒక్కరే, అదీ "నేనే ఇచ్చా" అన్న మనిషి. ఆ తప్పు దిద్దుకోవాలనే తొందరలో ఆవిడ ఏం చేస్తారో అనేదే నా గుండెల మీద కూర్చుంది.

చివరి బ్యాచి బయటికి వెళ్లగానే రిక్షా ఎక్కాను. వీధి తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు. పెరట్లోకి పరుగెత్తాను.

అత్తయ్య బావి గట్టు పక్కన చీర ఎగదోపుకుని కూర్చున్నారు. ఎదురుగా పిండి జల్లెడ. ఆవిడ ఆచారానికి అది ఇక జన్మలో వంటింటి గడప తొక్కదు. ఉదయం నుంచీ పాప పాడుచేసిన ప్రతి గుడ్డనూ అందులో వేసి, చెంబుతో నీళ్లు పోస్తూ, వేలితో కెలికి చూశారట. పాప అరుగు మీద పక్కింటావిడ ఒళ్లో అరటిపండు తింటోంది.

అత్తయ్య నా వైపు తిరగకుండానే చెయ్యి చాపారు. అరచేతిలో బల్బు. కడిగి ఉంది.

"చూసుకో. నీ కళ్లతో చూసుకో. పగిలిందేమో."

దాన్ని వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాను. గాజు చెక్కుచెదరలేదు. లోపలి తీగ కూడా అలాగే ఉంది. టార్చిలో వేసి వెలుగుతుందేమో చూడాలని ఒక్క క్షణం అనిపించింది. చూడలేదు. అక్కడే గట్టు మీద ఆవిడ పక్కన కూర్చున్నాను.

"సీసా ఎక్కడ పెట్టావు?" అన్నారావిడ.

సంచిలోంచి తీసి ఇచ్చాను.

"పక్కింట్లో అడిగి తెచ్చుకోలేకనా?" అన్నారు చేతులు కడుక్కుంటూ. "మూడుసార్లు వాళ్ల గుమ్మం దాకా వెళ్లొచ్చా. నువ్వు అంతలా వద్దన్నావు కదా అని తిరిగొచ్చా. ఇంకెప్పుడూ ఇలా దొంగతనాలు చెయ్యకు. అడిగితే నేనే ఇచ్చేదాన్ని."

ఆ వారం చివర్లో ముగ్గురం తెనాలి వెళ్లాం. అదే షాపు. ఈసారి క్యాలెండరు అడగలేదు. పాపను బల్ల మీద కూర్చోబెట్టి, ఉన్న పెన్‌టార్చిలన్నీ ఒక్కొక్కటే దాని చేతికి ఇవ్వమన్నాను.

"ఇదేం బేరమమ్మా?" అన్నాడు షాపాయన.

"ఇవ్వు నాయనా, చెప్తా," అన్నారు అత్తయ్య.

నీలం ప్లాస్టిక్కుదాని మూత చూస్తుండగానే ఊడింది. బంగారు క్లిప్పుది కొంచెంసేపు నిలబడింది. మూడోదాన్ని పాప నేలకేసి కొట్టింది, అద్దం పగిలింది.

"పాపగారు షాపంతా ఊడదీసేట్టున్నారే," అన్నాడాయన నేల మీద ముక్కలు ఏరుకుంటూ.

"పగిలినదాని సంగతి మేం చూసుకుంటాంలే. ఆ ఇత్తడిది తియ్యి," అన్నారు అత్తయ్య.

ఇత్తడిదాన్ని పాప కొరికింది, బల్లకేసి బాదింది, రెండు చేతులా మెలితిప్పింది, చివరికి విసుగొచ్చి ఏడ్చింది. టార్చి వెలుగుతూనే ఉంది. నేను తిప్పి చూశాను. రుమాలు చుట్టి పట్టుకుంటే తప్ప మూత కదల్లేదు.

"అది బిగుతమ్మా, అందుకే ఎవరూ కొనరు," అన్నాడాయన.

"మాకు అదే కావాలండి," అన్నాను.

ఆయనకు నా మీద జాలి కలిగినట్టుంది. టార్చి అందుకుని, వెనక మూత రుమాలుతో బలంగా తిప్పి, "ఇందులో ఇంకో సదుపాయం ఉందమ్మా," అంటూ బల్ల మీద తట్టాడు. మూతలోంచి చిన్న బల్బొకటి జారి అద్దం మీద దొర్లింది. స్పేర్ బల్బు. పాప ఏడుపు ఆపి దానికేసి వంగింది.

నేను బల్బును పట్టుకున్నాను. అత్తయ్య పాప చేతులు రెండూ పట్టుకున్నారు.

"ఇది నీ దగ్గరే ఉంచుకో నాయనా," అన్నారావిడ.

"టార్చితో పాటు ఊరికే వచ్చేదే పెద్దమ్మగారూ."

"ఊరికే అయినా వద్దు."

"రేపు లోపలి బల్బు పోతే?"

"పోయిన రోజు వస్తాం. బండి ఉందిగా."

ఆయన నా వంక చూశాడు. నేను బల్బు ఆయన చేతిలో పెట్టాను. తల ఆడిస్తూ సొరుగు లాగి అందులో పడేశాడు. సొరుగు మూసిన చప్పుడు విన్నాకే అత్తయ్య పాప చేతులు వదిలారు.