అత్తమ్మ మోకాలి గురించి ఈ నెల జవాబు

ఈ రోజు మధ్యాహ్నం కోరుట్లలోని మా ఇంటికి స్టాటిస్టిక్స్ చదివే అమ్మాయి మళ్ళీ వచ్చింది. వ్యాయామంతో మోకాళ్ళ నొప్పి తగ్గుతుందో లేదో చూడడానికి మా వాడకట్టులోని పెద్దవాళ్ళను నెలనెలా ఒకటే ప్రశ్న అడుగుతుంది: నొప్పి లేదా, కొంచెం ఉందా, చాలా ఉందా? ఒకే మనిషి చెప్పే జవాబులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయట. అందుకని వాటిని వేరువేరు మనుషుల మాటల్లా కలిపి లెక్కించకుండా, ఎవరిలో వచ్చిన మార్పును వారిలోనే చూడాలట. ఆ పద్ధతి నాకు నచ్చింది.

మా అత్తమ్మ మొదటి నెల చాలా ఉందని చెప్పింది, పోయిన నెల కొంచెం అంది, ఈ రోజు అసలు లేదంది. పొద్దున గోడ పట్టుకుని లేచిన మనిషి! నొప్పి లేదన్నవాళ్ళకు ఈ అధ్యయనంలో వారంవారం చేయించే వ్యాయామం ఆపేస్తారు. అందుకే నేను ఊరుకోలేదు.

"గట్లెందుకన్నవ్ అత్తమ్మా?"

"ఎండల పడి అచ్చింది పాపం. ఇంకా నొప్పే అంటే పిల్ల మొఖం చిన్నబోతది."

అమ్మాయి నవ్వింది. "నువ్వు నిజం చెప్తెనే నాకు సంతోషం, అవ్వా."

"అయితే శానా ఉంది, రాస్కో బిడ్డా. ఇప్పుడు సంతోషమేనా?"

అమ్మాయి "చాలా" అనే రాసుకుంది. వ్యాయామం ఆగదు, నాకు అది చాలు. కానీ ఆ జవాబు మోకాలిదో, మర్యాదదో ఇప్పటికీ తేలలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ నొప్పిని మీరెలా కనుక్కుంటారు?