ఈనెల చీపురు గీతలు

నాకు సంతకం వరకే వచ్చు. అదీ మా ఆయన నేర్పిందే. అందుకని నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఆయన మాట వచ్చినప్పుడల్లా కలం ఆపి నా మొహంలోకి చూస్తోంది. ఆగకు తల్లీ, రాసెయ్ అంటున్నాను.

మా ఆయన కొబ్బరి దింపు చేసేవారు. కొత్తపేట నుంచి పలివెల దాకా ఆయన ఎక్కని తోట లేదు. వారమంతా చెట్ల మీద ఉండేవారు, ఆదివారం మాత్రం మా చర్చిలో డోలక్ ముందు. చెట్లు ఎక్కి ఎక్కి కాయలు కాసిన అరచేతులు కదా, ఆయన చేతి కింద డోలక్ వేరుగా పలికేది. ఆడవాళ్ళ వైపు చాప మీద తల దించుకుని కూర్చున్నా ఆ దెబ్బ ఎవరిదో నాకు తెలిసిపోయేది.

ఒక వానాకాలం తడిచెట్టు మీద నుంచి జారిపడ్డారు. ప్రాణం దక్కింది గానీ నడుం కింద చచ్చుబడిపోయింది. అమలాపురం ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో ఇంటికి తెచ్చుకున్నాం. మా గుమ్మం ముందు మట్టి పోసి ఏటవాలు చేసుకున్నాం. చర్చికి మాత్రం ఏడు మెట్లు. గోదారి పొంగినా నీళ్ళు లోపలికి రాకూడదని మా పెద్దవాళ్ళు అంత ఎత్తున కట్టారు. మా చర్చి గుమ్మాన్ని వరద ఏనాడూ తాకలేదని పొరుగూళ్ళ వాళ్ళతో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఆ గొప్పే ఆయనకి అడ్డం పడింది.

మొదటి ఆదివారం నలుగురు మగవాళ్ళు కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు. ప్రార్థన అయ్యాక మళ్ళీ మోసి దింపారు. ఆయన ఎవరి మొహమూ చూడలేదు. ఇంటికొచ్చాక నాతో అన్నారు:

"ఇదిగో, మనిషిని నలుగురు మొయ్యాల్సింది ఒక్కసారే. ఆ రోజు ఎలాగూ నేను వద్దనలేను. అప్పటిదాకా నా చేతుల్తో నేను వెళ్తేనే ఆ గుమ్మం దాటుతాను."

అన్నమాట మీదే ఉన్నారు. రెండేళ్ళు చర్చి కిటికీ కింద ఇసకలో కుర్చీ వేసుకుని బయటే కూర్చున్నారు. లోపల ఇంకెవరో డోలక్ వాయిస్తుంటే, ఈయన కుర్చీ చెయ్యి మీద వేళ్ళతో కొట్టేవారు. నేను లోపలికి వెళ్ళకుండా ఆయన పక్కనే నిలబడేదాన్ని.

"వాడికి బస్సు టైమైపోతన్నట్టుంది, పరిగెట్టేత్తన్నాడు" అని నవ్వేవారు. నవ్వాక మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం నేను చూడలేకపోయేదాన్ని.

సంఘ పెద్దలకి మనసొచ్చి చివరికి ర్యాంపు కట్టించారు. కట్టిన మేస్త్రీ మా ఆయనకి బావ వరస. స్థలం లేదని మెట్ల వెడల్పులో సగం మీదే ఏటవాలుగా సిమెంటు పోసేశాడు. మా వైపు మేస్త్రీల గొప్పంతా నునుపులో ఉంటుంది. అరుగు తీసినట్టే దీన్నీ తాపీతో రుద్ది రుద్ది నిగనిగలాడించాడు.

"చూసుకో బావా, అద్దంలా తీసేను. మొహం కనపడుద్ది" అన్నాడు.

ఆ ఆదివారం అందరూ చుట్టూ నిలబడ్డారు. ఆయన చక్రాలు తిప్పారు. సగం కూడా ఎక్కలేదు, చక్రాలు జర్రున జారాయి. వెనక నేను పట్టుకున్నాను గానీ ఆపలేకపోయాను. ఇద్దరం ఇసకలో పడ్డాం. ఆయన పడ్డ చోటి నుంచే అన్నారు:

"మొహం చూసుకున్నాను బావా, బానే ఉంది. ఇప్పుడు ఎక్కేది కట్టు."

ఆసుపత్రిలో కసరత్తు చేయించే అమ్మాయి ఆయనకి ఒక లెక్క చెప్పింది. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడుగు ఉండాలట. మేస్త్రీ నమ్మలేదు. "అంత పొడుగా? రోడ్డు వేత్తన్నామా?" అన్నాడు. అప్పుడు ఆయన నాచేత పన్నెండడుగులకి కోసిన కొబ్బరి మట్టలు తెప్పించారు. "అడుగు ఎత్తుకి ఒక మట్ట పొడుగు. మన మెట్లు మూడున్నర అడుగులు, మూడున్నర మట్టలు. ఇంకేం అడక్కు" అన్నారు. మట్టలు నేల మీద వరసగా పరిచి చూపించాక మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు.

మట్టల వరస ప్రహరీ గోడ దాకా పోయి ఆగింది. మలుపు తిప్పుదామంటే చర్చి కొబ్బరి చెట్టు అడ్డం. కొట్టేద్దామన్నారు పెద్దలు.

"ఆ చెట్టు కాయ ఇన్నేళ్ళూ నేనే దింపేనండి. దాన్ని కొట్టేసి నేనెక్కడమేంటండి? దాని చుట్టూ తిప్పండి" అన్నారు ఆయన.

పెద్దలు ఒప్పుకోవడానికి ఇంకో ఎండాకాలం పట్టింది. సిమెంటు పోసిన రోజు మేస్త్రీ తాపీ తియ్యబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. నన్ను ఇంటికెళ్ళి ఈనెల చీపురు తెమ్మన్నారు.

"అడ్డంగా గియ్యి. నిలువుగా కాదే, అడ్డంగా. చెట్టెక్కేటప్పుడు కాళ్ళకి బందం తాడు ఎలాగో, చక్రానికి ఈ గీత అలాగ. పట్టుండాలి."

చీర చెంగు దోపుకుని, పచ్చి సిమెంటు మీద పై నుంచి కింది దాకా చీపురుతో అడ్డగీతలు గీస్తూ వచ్చాను. "నీకు చిన్నప్పుడు పలకిచ్చుంటే బాగా రాసేదానివి" అని వెక్కిరించారు. సంతకం కాకుండా నా చేత్తో నేను రాసింది ఏదన్నా ఉందంటే అదే.

తర్వాతి నెల ఆయన ఎక్కారు. నన్ను వెనక ఉండనివ్వలేదు. చెట్టు దగ్గర మలుపులో ఆగి, మాను మీద అరచెయ్యి వేసి ఊపిరి తీసుకున్నారు. మళ్ళీ తిప్పారు. గుమ్మం దాటారు. నేను మెట్ల మీద నుంచి గబగబా వెళ్ళి చాప మీద కూర్చునేసరికి ఆ దెబ్బ వినపడింది. తల ఎత్తలేదు నేను. ఎత్తితే ఏడ్చేస్తాను.

ఒక వానాకాలం, ఒక చలికాలం అలా వెళ్ళారు. తర్వాత వీపున పుండ్లు పడి, జ్వరం వచ్చి, పోయారు.

ఆ రోజు పెట్టె మోసిన నలుగురూ అలవాటు కొద్దీ మెట్ల మీద నుంచే ఎక్కించారు. నేను ఆపలేదు. మొయ్యాల్సిన ఒక్కసారీ అదే కదా. నేను మాత్రం ర్యాంపు మీద నుంచి వెళ్ళాను. చెట్టు చుట్టూ తిరిగి వెళ్ళేసరికి ఆయన నాకంటే ముందే లోపల ఉన్నారు.

ఇప్పటికీ ఆదివారం చెప్పులు కింద విప్పేసి ఆ దారినే వెళ్తాను. గీతలు అరికాలికి గరుగ్గా తగులుతాయి. చక్రాలు తిరిగిన రెండు వరసల్లో కొంచెం అరిగాయి. ఆ రెండింటి మధ్యన నడుస్తాను. మలుపులో ఆగుతాను. లోపల డోలక్ ఎవరో వాయిస్తుంటారు. చెడ్డగా ఏం వాయించరు.

కొత్తగా వచ్చిన పాస్టరుగారు మొన్న నేను మలుపులో ఆగి ఉండగా గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, మెట్లయితే దగ్గర కదండీ, ఎందుకంత చుట్టూ తిరిగొస్తారు?" అని అడిగారు.

"ఆయ్, దగ్గరేనండి" అన్నాను. అని, చెట్టు మీద చెయ్యి తియ్యకుండా కాసేపు అక్కడే నిలబడ్డాను.