సువార్తమ్మ గొంతు డౌన్‌లోడ్ చేసిన రోజు

పట్టపగలు, తాళం వేసి ఉన్న చర్చిలో, చనిపోయి నలభై రోజులైన మనిషి చేత మాట్లాడించిన ఘనత గురజాల చుట్టుపక్కల నా ఒక్కదానికే దక్కింది. గొప్పలు చెప్పుకోవడం లేదండీ. తలుచుకుంటే ఇప్పటికీ ముందు ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఆ తర్వాత నవ్వొస్తుంది.

అప్పటికి నేను బళ్లో కొత్త టీచర్ని. ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేమ్ కట్టించుకున్న రకం. మా వీధిలో సువార్తమ్మ అనే పెద్దావిడ పోయారు. నలభయ్యో రోజు ప్రార్థన సాయంత్రం నాలుగింటికి. ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటే దొరికింది. అందులో సరిగ్గా ముఖం మీదుగా మడత.

"రూతు టీచరమ్మా, ఈ గీత తీసేసి పెద్ద ఫొటో చెయ్యగలవా?" అని ఆవిడ కొడుకు దానియేలు బాబాయి అడిగాడు.

"అదెంత పని బాబాయ్!" అన్నాను. నా జీవితంలో చెడిపోయిన పనులన్నీ ఈ మాటతోనే మొదలయ్యాయి.

పాస్టర్ గారింట్లో ప్రింటర్ ఉందని, వాళ్ల ముందుగదిలోనే ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ ఇంటికీ చర్చికీ మధ్య మనిషి పట్టేంత సందు, అంతే. బయట అరుగు మీద పాస్టర్ గారు, బాబాయి, ఆయన భార్య మేరీ పిన్ని కూర్చున్నారు. రెండున్నరకే మబ్బు కమ్ముకుంది. వీధంతా బూడిద రంగులోకి మారింది. కోళ్లు వేళ తప్పి గూటికి చేరుతున్నాయి. గాలి లేదు.

ఉచితంగా ఫొటోలు బాగుచేసే సాఫ్ట్‌వేర్ కోసం వెతికితే ఒక పేజీ వచ్చింది. దాని నిండా డౌన్‌లోడ్ బటన్లే. అన్నిటికన్నా పెద్దదీ, పచ్చగా వెలిగిపోతున్నదీ నొక్కాను. "ఈ ఫైలు ప్రమాదకరం కావచ్చు" అంది కంప్యూటర్. పర్లేదు ఉంచమన్నాను. యాంటీవైరస్ అడ్డుపడింది. ముందు దాన్ని ఆపేయమని ఆ పేజీలోనే రాసి ఉంది. ఆపేశాను. దొంగ గుమ్మంలో నిలబడి "కుక్కను కట్టెయ్యమ్మా" అంటే, కట్టేసి మంచినీళ్లు కూడా ఇచ్చిన ఇల్లాలిని నేను.

ఫైలు తెరిచాను. తెర నల్లగా అయిపోయింది. పైన కెమెరా పక్కనున్న చిన్న దీపం దానంతటదే వెలిగింది. ఎవరో నన్ను చూస్తున్నట్టే అనిపించి దాని మీద వేలు పెట్టాను. వేలు చల్లబడింది.

అప్పుడు చర్చిలోంచి వినిపించింది. ఆడగొంతు. ఖాళీ హాల్లో ప్రతిధ్వనిస్తూ, నెమ్మదిగా.

"కిటికీని మూసివేయవద్దు."

అరుగు మీద ముగ్గురూ లేచి నిలబడ్డారు. పాస్టర్ గారు జేబు తడుముకున్నారు. "తాళంచెవి నా దగ్గరే ఉంది. లోపల ఎవరూ లేరే!"

"అది మా అమ్మ," అన్నాడు బాబాయి. "కిటికీ మూస్తే ఊపిరాడదనేది. చానాసార్లు తిట్టింది కూడా."

"ఊరుకోయ్యా, పోయినోళ్లు మాట్టాడతారా," అంది పిన్ని.

నలుగురం ఒకళ్ల చెయ్యి ఒకళ్లం పట్టుకుని వెళ్లి తలుపు తీశాం. లోపల చీకటి. బల్లలు, సిలువ, మూసిన కిటికీలు. మనిషి లేడు. బాబాయి పరుగున వెళ్లి కిటికీలన్నీ తెరిచాడు. అంతసేపూ లేని గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. వేదిక మీద తెరిచి ఉన్న బైబిలు పేజీలు వాటంతటవే తిరగసాగాయి.

"మీరు గమనింపబడుతున్నారు," అంది గొంతు. "మీ విలువైన వస్తువులు దొంగిలింపబడినవి. ఒప్పుకొనండి."

మేరీ పిన్ని నేల మీద కూలబడింది. "అత్తమ్మా! నీ చెవికమ్మలు నేనే తీశా! ఆడబిడ్డకు పోతయ్యని బియ్యం డబ్బాలో దాచా! నన్నొదిలెయ్!"

"ఏమే, నువ్వా తీసింది? చెల్లెలిని అనుమానించానే!" అన్నాడు బాబాయి.

"ఒప్పుకొనండి," అంది గొంతు మళ్లీ.

బాబాయి మోకరిల్లాడు. "అమ్మా, గోంగూర పచ్చడి తినొద్దని డాక్టరు అనలా! నేనే కల్పించి చెప్పా. జాడీ మొత్తం నేనే తిన్నా!"

"ఒప్పుకొనండి."

పాస్టర్ గారు నుదురు తుడుచుకున్నారు. గొంతు సవరించుకున్నారు. "ఇక నా విషయానికొస్తే..." అని మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే ఆ గొంతు అంది: "ఈ కంప్యూటరును ఆపవద్దు."

కంప్యూటరా? చుట్టూ చూశాను. వేదిక మూలన బ్లూటూత్ స్పీకర్ నీలంగా మెరుస్తోంది. పొద్దున పాటలు సరిచూడ్డానికి నా ల్యాప్‌టాప్‌కు కలిపి, ఆపడం మరిచిపోయాను. పరిగెత్తి స్పీకర్ ఆపేశాను. పాస్టర్ గారు ఏం చెప్పబోయారో ఈనాటికీ తెలియదు. ఆ ఒక్క నిమిషం ఆగలేకపోయినందుకు నన్ను నేను క్షమించుకోలేదు.

"బాబాయ్, అది మీ అమ్మ కాదు. నేను దించిన ఫైలు," అన్నాను. ఏడుపొక్కటే తక్కువ. ముగ్గురూ నన్ను చూసిన చూపు ముందు ఆ గొంతే నయం. నాలుగింటి ప్రార్థన మడత ఫొటోతోనే జరిగింది.

మర్నాడు నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే అన్న ల్యాప్‌టాప్ విప్పాడు. "ఏ బటను నొక్కావమ్మా?"

"పెద్దది."

"పెద్దయ్యన్నీ ప్రకటనలే. అసలుది మూలన చిన్నగా ఉండిద్ది. అయినా ఆ పేజీకి నీకేం పని? ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినోళ్ల సొంత సైటుకే పోవాల. ఈ దొంగలు విండో మూయొద్దు, యాక్సెప్ట్ నొక్కు అని బెదిరించి, మనచేత ఫోన్ చేయించుకుని డబ్బు గుంజుతారు. ఆ ఇంగ్లీషునే వచ్చీరాని తెలుగులోకి మార్చారు. ఇంతకీ యాంటీవైరస్ ఎవరాపారు?"

నేను ఫ్యాన్ వంక చూశాను. అన్న ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచేసి సాఫ్ట్‌వేర్లు మళ్లీ ఎక్కించాడు. నేను తయారుచేసిన పరీక్ష పేపర్లన్నీ పోయాయి. ఫోన్ పట్టుకుని కూర్చుని పాస్‌వర్డులన్నీ మార్చుకున్నాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక దానియేలు బాబాయి నన్ను పక్కకు పిలిచాడు. తిడతాడనుకున్నా. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"టీచరమ్మా, ఆ పచ్చ బటను ఇంకొక్కసారి నొక్కవా? అమ్మ పొలం పాసుపుస్తకం యాడ పెట్టిందో దొరకటంలా. ఆ ఒక్క ముక్క అడిగి ఆపేద్దాం."

చర్చి గుమ్మంలోనే కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. తెలియని చోటి నుంచి ఏ ఫైలూ దించను. కంప్యూటర్ వద్దంటే ఎదురు చెప్పను. బతికున్నవాళ్లు అడిగినా, పోయినవాళ్లు అడిగినా, పచ్చగా మెరిసే బటను ఈ వేలితో నొక్కనే నొక్కను.

పాసుపుస్తకం ఇంకా దొరకలేదట. అయినా సరే, నొక్కను.