జర తరువాతి మాట

బుచ్చవ్వ అన్న పేరుతో పీహెచ్‌డీ చేస్తున్న మనిషి యూనివర్సిటీ మొత్తంలో ఒక్కతే ఉండేది. హాస్టల్లో కొందరు ఆ పేరు విని మూతి తిప్పేవాళ్లు, ఇంకొందరు మార్పించుకోమని సలహా కూడా ఇచ్చారు. ఆమె మార్పించుకోలేదు. అది నాయనమ్మ పేరు, పైగా పిలిస్తే నాలుగిళ్ల అవతలికి వినపడే పేరు. అట్లాంటి పేరును ఎవరు వదులుకుంటారు?

ఊరు కోరుట్ల పక్కన. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి లస్మవ్వ బీడీలు చేసి చదివించింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఆమె వేళ్లు ఆగేవి కావు. ఆ వాడలో మగవాళ్లు సగంమంది మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే, ఇళ్లు ఆ చాటల మీదే నడిచేవి. ఏ ఇంట్లో అడుగుపెట్టినా కూర వాసనకంటే ముందు తంబాకు ఘాటు ముక్కుకు తగిలేది. ఆ ఘాటులో పెరిగిన పిల్ల కనుకనే బుచ్చవ్వ దాని మీదే పరిశోధన పెట్టుకుంది. బీడీలు చేసే ఆడవాళ్లకు ఏయే బాధలు వస్తున్నాయి, పనిచేసిన ఏళ్లతో వాటికి సంబంధమేమిటి అన్నది కంప్యూటర్‌తో లెక్కగట్టి తేల్చాలి. 1983లో ఈ మాట చెబితే ఊళ్లోవాళ్లకు సగం అర్థమయ్యేది, యూనివర్సిటీవాళ్లకు మిగతా సగం.

వాడవాడా తిరిగి ఆడవాళ్లందరినీ అడిగింది. తల్లిని మాత్రం అడగలేదు. సొంతవాళ్లను కలిపితే లెక్క చెడుతుందన్న గైడు మాటను నెత్తిన పెట్టుకుంది. వాళ్లు చెప్పిన బాధను చెప్పినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో అట్ట కార్డుల మీద చిల్లులుగా పొడిపించింది, ఆ కంప్యూటర్‌కు తెలుగు రాదు కనుక. రోగాలకు డాక్టర్ల పేర్లు పెట్టనని, మావాళ్ల మాటే ఉండాలని పట్టుబట్టింది. ఆ పట్టుదలే కొంప ముంచింది.

ఒక్కో జవాబులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలే కంప్యూటర్ చూసేటట్టు ఆమె ప్రోగ్రాం రాసింది. దగ్గు, దమ్ము, నొప్పి, జరం, ఏది ఏదో గుర్తుపట్టడానికి నాలుగు చాలనుకుంది. దమ్ము అంటే ఆయాసం, జరం అంటే జ్వరమే, ఆ దిక్కున అట్లాగే అంటారు.

ఫలితాల కాగితాలు చూసి గైడు కామేశ్వరరావు గారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. కాకినాడ మనిషి, మాట మెత్తన, లెక్క దగ్గర మాత్రం కన్నతల్లినైనా వదలరు.

"ఏమ్మా, మీ ఊళ్లో అందరికీ జ్వరమేనా?"

"లేదు సార్."

"నీ లెక్క అలాగే చెబుతోందే! పదిమందిలో ఏడుగురికి జ్వరం. దగ్గు నామమాత్రానికైనా లేదు. పొగాకు పనిచేసేవాళ్లకు దగ్గు లేకపోవడమేమిటి? ఇది పట్టుకుని పరీక్షకుల ముందుకు వెళితే నన్నూ నిన్నూ కలిపి నవ్వుతారు. సర్వే మళ్లీ చెయ్యాలి."

ఎట్లా చేస్తుంది? ఫెలోషిప్ ఆ వేసవితో ఆఖరు. బుచ్చవ్వ ఆ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. తను చెవులారా విన్నది దగ్గు, ప్రతి అరుగు మీదా దగ్గే. కాగితం మీద చూస్తే జ్వరం. తన చదువు సంగతి సరే, పని ఆపి మరీ చెప్పుకున్న ఆ ఆడవాళ్ల బాధ అబద్ధమైపోతుందే అన్నది ఆమె అసలు ఏడుపు. ప్రోగ్రాంను అడ్డంగా చదివింది, నిలువుగా చదివింది. తప్పు దొరకలేదు. చివరికి బట్టలు సంచీలో కుక్కుకుని ఇంటికి బస్సెక్కింది.

లస్మవ్వ బిడ్డ ముఖం చూసి చాట పక్కన పెట్టింది.

"జర కాళ్లు కడుక్కో బిడ్డా. జర కూసో. మొగం గట్ల పీక్కపోయిందేంది? జర అన్నం తిను."

"ఆకలైతలేదవ్వా."

"జరంత తిను."

ఆ తల్లికి కాదనలేక కంచం ముందు కూర్చుంది. అప్పుడే పక్కింటి రామవ్వ గడపలోకి వచ్చి, నోరు తెరవబోయి, దగ్గి దగ్గి గోడ పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమైందత్తా?"

"ఏం కాలే బిడ్డా, జర దగ్గు."

బుచ్చవ్వ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మళ్ల చెప్పు."

"ఏంది చెప్పేది? జర దగ్గంటున్న."

జర. జె, ఏ, ఆర్, ఏ. సరిగ్గా నాలుగు అక్షరాలు! జర అంటే కొంచెం. ఆ దిక్కున బతిమాలాలన్నా జర, బుజ్జగించాలన్నా జర. పుట్టినప్పటి నుంచి వినే మాట కనుక బుచ్చవ్వ చెవికి అది ఆననే లేదు. ఊపిరాడక గోడ పట్టుకున్న మనిషి కూడా "జర దగ్గు" అనే అంటుంది. కంప్యూటర్ ఆ నాలుగు అక్షరాలు చూసి, దగ్గుదాకా పోకుండానే, వాడ మొత్తానికీ జ్వరం అంటగట్టింది.

బుచ్చవ్వ ఎంగిలిచేత్తోనే రామవ్వను కావలించుకుని పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"పిల్లకు సదువెక్కువైంది," అంది రామవ్వ బెదిరిపోయి. "జర దిష్టి తియ్యి లస్మక్కా."

కార్డుల మీద రెండో మాట చెక్కుచెదరకుండా ఉంది. ఐదో అక్షరం కూడా చూడమని, అక్కడ ఖాళీ ఉంటే జరను దాటి దాని తరువాతి మాట చదవమని ప్రోగ్రాంలో మార్చింది. జ్వరాలన్నీ దిగిపోయాయి. దగ్గు, దమ్ము ఎక్కడ ఉండాలో అక్కడికి వచ్చి కూర్చున్నాయి, ఎక్కువ ఏళ్లు పనిచేసినవాళ్లకు ఎక్కువగా. కామేశ్వరరావు గారు కాగితాలు రెండుసార్లు తిప్పి చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు.

"నాలుగేళ్లుగా 'జర సంతకం పెట్టండి సార్' అంటూ నా ప్రాణం తీస్తూనే ఉన్నావు. నాకూ తట్టలేదు చూడు!"

నెత్తిమీది బండ దిగిపోయింది. బుచ్చవ్వ హాస్టల్‌కు వెళ్లి పట్టపగలే ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

మరుసటి ఏడు పట్టా వచ్చింది. బిడ్డ డాక్టరైందని లస్మవ్వ వాడంతా చక్కెర పంచి, మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుంది. బుచ్చవ్వ ఎదురుగా కూర్చుంది.

"అవ్వా, ఊరందరినీ అడిగిన, నిన్నే అడగలే. నీకేమన్న బాధున్నదా?"

"నాకేం బాధ? పొద్దుగాల పొద్దుగాల జర..." అని లస్మవ్వ ఆకు వైపు తల దించుకుంది.

"జర అయింది. దాని ఎనుక మాట చెప్పు."

లస్మవ్వ వేళ్లు ఆగాయి. ఇన్నేళ్లలో ఆమెను ఆ రెండో మాట ఎవరూ అడగలేదు.

"దమ్మొస్తది బిడ్డా," అంది.

తెల్లారి జగిత్యాల డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఇంకా ముదరలేదని, తంబాకు జోలికి పోకుండా మందులు వాడితే కుదురుకుంటుందని చెప్పాడు. ఆ మాట విన్నాక గాని బుచ్చవ్వకు ఊపిరాడలేదు. తిరిగి వస్తుంటే లస్మవ్వ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కొంగు జారినా పట్టించుకోకుండా ముఖం బయటికి పెట్టింది.

"గాలి మస్తుగొస్తుంది బిడ్డా," అంది. ముందర జర అనలేదు.